జోసెఫ్ పాక్స్టన్

సర్ జోసెఫ్ పాక్స్టన్ (ఆగస్టు 3, 1803 - జూన్ 8, 1865) ఇంగ్లండుకు చెందిన ఉద్యానవన నిపుణుడు, భవన రూపశిల్పి. 1851లో లండనులోని హైడ్ పార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనాన్ని రూపొందించి ప్రసిద్ధి పొందాడు.

జీవితం

ఈయన బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. 1826లో చాట్స్‌వర్త్‌లో డెవన్‌షైర్ డ్యూకు తోటలకు ప్రధాన తోటమాలిగా చేరాడు. వాస్తుశిల్పంలో శిక్షణ లేకపోయినా, మొక్కల కోసం గాజు గృహాలు కట్టిస్తూ నిర్మాణ విద్యలో అనుభవం గడించాడు. దక్షిణ అమెరికాకు చెందిన విక్టోరియా కలువను 1849లో ఇంగ్లండులో మొదటిసారిగా పూయించాడు. దాని పెద్ద ఆకు అడుగున ఉండే ఈనెల అమరిక ఈయన గాజు కట్టడాలకు స్ఫూర్తినిచ్చింది.

క్రిస్టల్ ప్యాలెస్

ప్రదర్శనశాల కోసం వచ్చిన 200కు పైగా నమూనాలను తిరస్కరించి, నిర్వాహక సంఘం స్వయంగా ఒక ఇటుక భవనాన్ని తలపెట్టింది. దానివల్ల పార్కు పాడవుతుందని, చెట్లు కొట్టివేయవలసి వస్తుందని ప్రజలు వ్యతిరేకించారు. అప్పుడు, 1850లో, పాక్స్టన్ విప్పి మరొకచోటికి తరలించగల ఇనుము, గాజు భవనాన్ని ప్రతిపాదించాడు. ఎత్తైన ఎల్మ్ చెట్లను నరకకుండా వాటిపై కమాను ఆకారపు గాజు కప్పు నిర్మించారు. మే 1 నుండి అక్టోబరు 15 వరకు జరిగిన ప్రదర్శనకు 60 లక్షలకు పైగా టిక్కెట్లు నమోదయ్యాయి. కోహినూరు వజ్రాన్ని కూడా అక్కడ ప్రదర్శించారు. అదే సంవత్సరం పాక్స్టన్‌కు సర్ బిరుదు లభించింది.

ఆ తరువాత భవనాన్ని విప్పి, సిడెన్‌హామ్‌లో మరింత పెద్దదిగా పునర్నిర్మించి 1854లో ప్రారంభించారు. 1854 నుండి మరణించేవరకు ఈయన కోవెంట్రీ పార్లమెంటు సభ్యుడుగా ఉన్నాడు. ఈ గాజు భవనం 1936లో అగ్నిప్రమాదంలో నాశనమైంది.