మంచు మింగిన దారిలో పట్టా బండి నడిపిన పల్లె మెకానిక్

కోతల వేళ వాన పడితే వరి చేలల్లో ఏమవుతుందో మనందరికీ తెలుసు. చక్రాల మిషన్ గట్టు దగ్గరే ఆగిపోతుంది. చైన్ మిషన్ మాత్రం బురదలోకి దిగి కోసుకుపోతుంది. ఆ మిషన్ ఎవరి చేతుల్లో వుండాలన్న ప్రశ్న పెద్దదే, దానికి చివర్లో వద్దాం. ముందు అలాంటి పట్టాను మంచుకూ, ఊబికీ తగినట్టు మలిచిన ఒక పల్లెటూరి మెకానిక్ కథ చెప్పుకుందాం. ఆయన పేరు జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్.

కెనడా దేశంలో క్వెబెక్ అనే రాష్ట్రం వుంది. అక్కడి వాల్‌కూర్ గ్రామంలో 1907 ఏప్రిల్ 16న ఆయన ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. ఆ ప్రాంతంలో చలికాలం వస్తే నెలల తరబడి మంచు దారులను కప్పేస్తుంది. ఆ రోజుల్లో పట్నం రోడ్ల మీద మంచు తీసేవారు గానీ పల్లె దారులను పట్టించుకునేవారు లేరు. మోటారు కార్లను కొట్టంలో పెట్టి, జనం గుర్రం లాగే జారుడు బండ్ల మీద తిరిగేవారు. జబ్బు చేసినా, పురుడు వచ్చినా అదే గతి.

చిన్నప్పటి నుంచీ ఆయనకు ఇనుప సామాను తప్ప వేరే ధ్యాస లేదు. 1922లో, పదిహేనేళ్ల వయసులో, తండ్రి ఇచ్చిన పాత ఫోర్డు కారు ఇంజనును జారుడు బండికి బిగించి, వెనుక విమానానికి వుండే లాంటి పంకా తగిలించాడు. తమ్ముడితో కలిసి దాన్ని వూరి నడుమ నడిపాడు. ఆ పంకా ఎవరి తల తెంపుతుందోనని భయపడి తండ్రి దాన్ని విప్పించేశాడు. కొడుకు మతగురువు కావాలని ఇంట్లోవాళ్లు చదువుకు పంపితే, అది మానేసి మెకానిక్ పని నేర్చుకున్నాడు. 1926లో, పందొమ్మిదేళ్లకే, సొంతవూళ్లో గ్యారేజీ పెట్టాడు. వేసవిలో రైతుల ట్రాక్టర్లు, పంపులు బాగుచేయడం, చలికాలంలో మంచు మీద నడిచే బండి కోసం కుస్తీ పట్టడం, ఇదీ ఆయన బతుకు.

1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి అపెండిసైటిస్ వచ్చి, కడుపులో చీము పట్టింది. ఆస్పత్రి షెర్‌బ్రూక్‌లో, సుమారు 50 కిలోమీటర్ల దూరాన వుంది. దారి మంచు కింద వుంది. గ్యారేజీలోని బండి ఇంకా నడిచే స్థితికి రాలేదు. బిడ్డ దక్కలేదు. మంచులో బండ్లు చేసే మనిషే తన బిడ్డను ఆస్పత్రికి చేర్చలేకపోయాడు.

పట్టా బండి ఆయన కనిపెట్టింది కాదు. అమెరికాలో బెంజమిన్ హోల్ట్ 1904 నవంబరులోనే మెత్తటి నేలల మీద పట్టా ఇంజనును పరీక్షించాడు. బురదలో పలక వేసి నడిస్తే కాలు దిగబడదు కదా, పట్టా చేసే పనీ అదే. బరువును ఎక్కువ నేల మీద పరుస్తుంది. కానీ మంచు మీద వేగంగా పోయే తేలికపాటి బండికి అది ఒక్కటే చాలదు.

ఒక చిక్కు బిగువుది. సైకిలు తొక్కే ప్రతివాడికీ ఇది తెలుసు. చైను వదులైతే వూడిపోతుంది, మరీ బిగిస్తే తొక్కలేం. పట్టా కూడా అంతే. వదులుగా వుంటే మలుపులో జారిపోతుంది, పళ్ల చక్రం మీద ఎగిరిపడుతుంది. అతిగా బిగిస్తే ఇంజను బలాన్ని మింగి, బేరింగులను అరగదీస్తుంది. పైగా పళ్ల సందుల్లో మంచు చేరి గడ్డ కడితే, సరిగా బిగించిన పట్టా కూడా తెగేంత బిగుసుకుపోతుంది. మన పొలాల్లో జిగట మట్టి చేసే పనీ ఇదే.

రెండో చిక్కు కుదుపుది. కింది చక్రాలను కదలకుండా బిగిస్తే, మిట్ట వచ్చినప్పుడు బరువంతా ఒక్క చక్రం మీద పడుతుంది. అందుకే పట్టా బండ్లలో చక్రాలను జతలుగా ఒక బద్దకు తగిలించి, ఆ బద్దను నడుమ ఇరుసు మీద వూగనిస్తారు. కావడి లాగా ఒకవైపు లేస్తే రెండోవైపు దిగుతుంది, బరువు ఇద్దరూ పంచుకుంటారు.

1935 నాటికి బొంబార్డియర్ చిక్కుముడి విప్పాడు. పళ్ల చక్రానికి రబ్బరు తొడిగాడు. రబ్బరు బెల్టుకు అడ్డంగా ఉక్కు పట్టీలు బిగించాడు. రబ్బరు వంగుతుంది కాబట్టి మంచు గడ్డకట్టి అంటుకోకుండా రాలిపోతుంది. 1937లో దీనికి పేటెంటు వచ్చింది. ముందు స్కీలు, వెనుక పట్టాలు, పైన ప్లైవుడ్ గది, ఏడుగురు కూర్చునే ఈ బండికి బి7 అని పేరు. తర్వాత పన్నెండు మందికి బి12 వచ్చింది. డాక్టర్లు, పశువైద్యులు, టపా బంట్రోతులు కొన్నారు. అంబులెన్సులుగా, బడి పిల్లల బండ్లుగా అవి తిరిగాయి. ఆయన బిడ్డకు అందని దారి వేరేవాళ్ల బిడ్డలకు అందింది.

తర్వాత జరిగింది మనం గమనించాలి. 1948లో క్వెబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా మంచు తీయించే పనికి పూనుకుంది. దాంతో ఆ బండ్ల అమ్మకాలు పడిపోయాయి. కంపెనీకి అది నష్టం, పల్లె జనానికి లాభం. పదిమందీ కొనలేని బండి చేసిన పనిని రోడ్డు అందరికీ చేసిపెట్టింది. ఆయన మాత్రం ట్రాక్టరు చక్రాలకు తొడిగే పట్టాలు, 1953లో ఊబినేలల్లో తిరిగే ట్రాక్టరు చేశాడు. కొడుకు జెర్మెన్ అతుకులేని రబ్బరు పట్టా రూపొందించాక, 1959లో స్కీ-డూ అనే చిన్న బండి వచ్చింది. అడవుల్లో తిరిగేవారికని చేసిన ఆ బండి చివరకు డబ్బున్నవారి వినోదమైంది. 1964 ఫిబ్రవరి 18న, 56 ఏళ్లకు, క్యాన్సర్‌తో ఆయన చనిపోయాడు. 1969లో కంపెనీ షేర్ మార్కెట్‌కెక్కింది. రైళ్లు, విమానాల వ్యాపారంలోకి పోయి, 2003లో ఆ మంచు బండ్ల విభాగాన్నే అమ్మేసింది. పల్లె అవసరంలోంచి పుట్టిన పనిముట్టు లాభం దారి పట్టడమంటే ఇదే.

బొంబార్డియర్‌ను మేము కార్మిక నాయకుడిగా చూపడం లేదు. ఆయన యజమానే అయ్యాడు. కానీ ఆయన జీవితం రెండు మాటలు చెబుతోంది. ఒకటి, నూనె మరకల చేతుల్లోనే తెలివి వుంది. మన వూరి మెకానిక్ కూడా అవకాశం దొరికితే మన నేలకు తగ్గ మిషన్ చేయగలడు. రెండు, పనిముట్టు ఎంత గొప్పదైనా అది ఎవరి చేతుల్లో వుందన్నదే అసలు ప్రశ్న. చైన్ మిషన్ సహకార సంఘం చేతుల్లో వుంటే కౌలురైతు భారం తగ్గుతుంది, కూలీకి దక్కాల్సిన వాటా గురించి గట్టిగా అడగొచ్చు. అద్దె వ్యాపారి చేతుల్లో వుంటే ఇద్దరి మెడకూ అది వురే.

మన మన్యం గూడేల్లో ఇప్పటికీ నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తున్నారు. అక్కడ కావలసింది వింత బండి కాదు, రోడ్డు. వాల్‌కూర్‌లో ఆ బిడ్డ పోయాక పద్నాలుగేళ్లకు సర్కారు కదిలింది. మన గూడేలకు ఇంకా ఎన్నేళ్లని పంచాయతీ నుంచి కలెక్టరాఫీసు దాకా అడుగుదాం.