జాన్ బి. స్టెట్సన్

జాన్ బాటర్సన్ స్టెట్సన్ (మే 5, 1830 - ఫిబ్రవరి 18, 1906) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ టోపీల తయారీదారు, దాత. వెడల్పాటి అంచు గల కౌబాయ్ టోపీకి ఆద్యుడుగా ప్రసిద్ధి చెందాడు. సాహస చిత్రాల కథానాయకులకు గుర్తుగా నిలిచిన టోపీల చరిత్రలో ఇతని స్థానం ముఖ్యమైనది.

బాల్యం, అనారోగ్యం

స్టెట్సన్ న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి స్టీఫెన్ టోపీల పనివాడు. 12 మంది సంతానంలో ఒకడైన జాన్ తండ్రి వద్దనే ఆ విద్య నేర్చాడు. యౌవనంలో క్షయవ్యాధి సోకింది. ఎక్కువ కాలం జీవించడని వైద్యులు చెప్పగా, పొడి గాలి కోసం పశ్చిమ ప్రాంతానికి బయలుదేరాడు. మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్‌లో ఇటుకల బట్టీలో పనిచేశాడు. అంతర్యుద్ధ కాలంలో సైన్యంలో చేరబోగా, ఆరోగ్యం బాగులేదని తిరస్కరించారు. పిమ్మట బంగారం వెదుకువారితో కలిసి కొలరాడోలోని పైక్స్ పీక్ ప్రాంతానికి వెళ్ళాడు.

మొదటి టోపీ

ఈ ప్రయాణంలో గుడారాలకు వాడిన పచ్చి తోళ్ళు తడిసి ముడుచుకుపోయేవి. తోలు పదును పెట్టకుండానే గుడ్డ తయారుచేయవచ్చునని స్టెట్సన్ తోటివారికి చేసి చూపాడని చెబుతారు. తోళ్ళ నుండి వెంట్రుకలు గీకి, వింటినారితో ఏకి, నీరు చిలకరించి, వేడినీటిలో ముంచి నలిపాడు. జంతురోమాలపై ఉండే సూక్ష్మమైన పొలుసులు తడికి, వేడికి, రాపిడికి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. అందుచేత పడుగు, పేక లేకుండానే గుడ్డ ఏర్పడుతుంది. దీనినే ఫెల్ట్ అంటారు. ఆ ఫెల్ట్‌తో ఎండవానలకు ఆగే పెద్ద టోపీ ఒకటి చేసుకొన్నాడు. దారిన పోయే రౌతు ఒకడు దానిని 5 డాలర్ల బంగారు నాణెమిచ్చి కొన్నాడని ప్రతీతి.

వ్యాపారం

ఆరోగ్యం కుదుటపడిన తరువాత 1865లో ఫిలడెల్ఫియాలో 100 డాలర్లతో వ్యాపారం ప్రారంభించాడు. నగర ఫ్యాషన్లను అనుసరించి చేసిన టోపీలు అంతగా అమ్ముడుపోలేదు. అప్పుడు తన పాత టోపీని తలచుకొని "బాస్ ఆఫ్ ది ప్లెయిన్స్" అనే రకాన్ని రూపొందించి, నమూనాలను పశ్చిమ ప్రాంతపు వర్తకులకు పంపాడు. పశువుల కాపరులు దీనిని ఎండకు గొడుగుగా, నీరు తోడే పాత్రగా, నిప్పు రాజేసే విసనకర్రగా కూడా వాడుకొన్నారు.

ఆ కాలపు పరిశ్రమలో వెంట్రుకలు త్వరగా పెనవేసుకొనేందుకు పాదరసపు నైట్రేటు వాడేవారు. దాని ఆవిరి వల్ల ఎందరో కార్మికులకు చేతులు వణికే వ్యాధి వచ్చింది. అమెరికాలో 1941లో గాని ఈ వాడకం ఆగలేదు.

దాతృత్వం, మరణం

ఫ్లోరిడాలోని డిలాండ్ విద్యాసంస్థకు స్టెట్సన్ విరివిగా విరాళాలిచ్చాడు. 1889లో దానికి ఇతని పేరు పెట్టారు. 1906లో డిలాండ్‌లోనే మరణించాడు. క్షయ సోకిన నాడు వైద్యులు ఆశ వదులుకొన్న ఈయన 75 సంవత్సరాలు జీవించాడు. ఫిలడెల్ఫియా కర్మాగారం 1971లో మూతపడింది.

చలనచిత్రాలలో

మూకీ చిత్రాల నటుడు టామ్ మిక్స్ (1880-1940) ఎత్తైన స్టెట్సన్ టోపీతోనే ప్రజలకు గుర్తుండిపోయాడు. 1981లో విడుదలైన "రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్" చిత్రంలో హ్యారిసన్ ఫోర్డ్ ధరించిన టోపీ మాత్రం స్టెట్సన్ సంస్థది కాదు. దుస్తుల రూపకర్త డెబోరా నడూల్మన్ లండన్‌లోని హెర్బర్ట్ జాన్సన్ దుకాణంలో "పోయెట్" అనే రకాన్ని ఎంచుకొని, నటుని ముఖానికి తగినట్లు మార్పించింది. కొత్తదనం పోయేటట్లు దానిని నలిపి, పాతబరచారు. అటుపిమ్మట అభిమానుల కోసం ఆ టోపీ నకళ్ళను అమ్మే హక్కు స్టెట్సన్ సంస్థకు లభించింది. స్టెట్సన్ మొదటి టోపీకి ఎండవానలు సహజంగా ఇచ్చిన రూపాన్ని, సినిమా టోపీకి ఈ విధంగా చేతిపనితో కల్పించవలసి వచ్చింది.