యల్లాప్రగడ సుబ్బారావుగారు: గుండెకు గడువు

పెద్దకొడప్‌గల్ నుండి హైదరాబాదునకు బయలుదేరిన బాటసారికి మూడు నాలుగు గంటల కాలము స్వల్పము. దాత శరీరమునుండి తీసిన హృదయమునకో, అది యించుమించు సర్వాయుర్దాయము. ఆ గడువునకు మూలమైన రహస్యమును కనుగొన్నవారిలో నొక యాంధ్రుడు గలడని మన గ్రామసీమలం దెందరెఱుగుదురు? ఆయన చరిత్రమును పాఠకులకు స్మరణకు దెచ్చుట మా విధియని తలంచుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మూడవ యత్నమున గాని మెట్రిక్యులేషను గడువలేదు. మద్రాసు వైద్యకళాశాలలో గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి, ఆంగ్లాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. 1923లో బోస్టను జేరిరి.

హార్వర్డులో ఫిస్కుగారితో గూడి 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని కండరములందు కనుగొనిరి. మొదటిది నిల్వసొమ్ము, రెండవది చెల్లుబడి నాణెము. కండరము ముడుచుకొనుటకే కాక సడలుటకును ఏ.టి.పి. కావలయును. రక్తము నిలిచిన గుండెలో నది తఱిగిపోగా కండరము బిగిసిపోవును. కావుననే శస్త్రవైద్యులు బృహద్ధమనిని బంధించి, పొటాసియము గల చల్లని ద్రవమును గుండెలోని ధమనులకు పంపి, దానిని సడలిన స్థితియందే నిలుపుదురు. పనిలేని గుండెకు వ్యయము తక్కువ. చలువ యా వ్యయమును మఱింత తగ్గించును. ఇంత చేసి మంచుపెట్టెలో తరలించినను, సుమారు నాలుగు గంటలు మించిన నపాయమే. గుండె కొట్టుకొనుచుండగనే రక్తమును ప్రవహింపజేయుచు తరలించు యంత్రము లిటీవల నీ గడువును పొడిగించుచున్నవి.

హార్వర్డు స్థిరోద్యోగ మీయకున్నను ఆయన క్రుంగలేదు. 1940లో లెడర్లీ సంస్థను జేరి ఫోలిక్ ఆమ్లము, బోదకాలునకు హెట్రజాను, ఆరియోమైసిను వెలువడిన పరిశోధనలకు నాయకత్వము వహించిరి. 1948 ఆగష్టులో, 53వ యేట, గుండెపోటున కన్నుమూసిరి. అమెరికా పౌరసత్వమును గ్రహింపనే లేదు.

మనుష్యునకు తొలి గుండెమార్పిడి 1967లో కేప్‌టౌనున జరిగెను. భారతదేశమున తొలిసారి విజయవంతముగా 1994 ఆగష్టు 3వ తేదీన ఢిల్లీలో దానిని సాధించిన పనంగిపల్లి వేణుగోపాల్‌గారు, సుబ్బారావుగారు బాల్యమున చదివిన రాజమహేంద్రవరముననే జన్మించినవారు.

శాస్త్రము గుండెకు నాలుగు గంటలు సంపాదించి పెట్టినది. మెదడు మరణించిన ఆప్తుని శయ్యకడ కుటుంబ మంగీకరించిన గాని ఆ గంటలు ప్రారంభమే కావు. దుఃఖసమయమున ఆ యాలోచన తోచుట కష్టము. అందఱు నారోగ్యముగా నున్నపుడే ఇంటింట నీ మాట చెప్పుకొనవలయునని మా మనవి.