ఎడ్లబండిపై ఊరూరా తిరిగిన బిషప్ అజరయ్య

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్‌ను దూరం నుండి చూసిన కొత్తవారు దాని గుమ్మటాలు, మినార్లు చూసి మసీదని భ్రమపడవచ్చు. దగ్గరకు వెళ్లి చెక్కిన రాతి స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తుకు వస్తుంది. ఇది క్రైస్తవ దేవాలయం. ఇట్టి కట్టడాన్ని తలపెట్టిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఈ ప్రాంతం వారు కారు, ఆయన మాతృభాష తెలుగు కాదు.

తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెళ్ళాళన్‌విళై అనే కుగ్రామంలో 1874 ఆగస్టు 17న అజరయ్య జన్మించారు. తండ్రి ఆ ఊరి గుడి గురువు. మద్రాసులో చదువుకొని, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేశారు. విదేశీ మిషనరీల సొమ్ముపై ఆధారపడకుండా భారతీయులే సేవ చేయాలని తలచి, 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం స్థాపనకు తోడ్పడ్డారు. ఆ సంఘం ఎంచుకున్న సేవాక్షేత్రమే నిజాం రాజ్యంలోని డోర్నకల్. పట్నంలోని హోదాను వదలుకొని 1909లో ఆయన స్వయంగా ఇక్కడకు వచ్చి, తెలుగు నేర్చుకున్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. తెల్లదొరలే పెద్దలుగా ఉన్న ఆ రోజుల్లో భారతీయునికి ఆ పదవి ఇవ్వడాన్ని దొరలే కాక కొందరు భారతీయ క్రైస్తవులు కూడా వ్యతిరేకించారు. ఆయన మాటలతో బదులు చెప్పలేదు, ఊళ్ల బాట పట్టారు.

ఎడ్లబండిపై పల్లె పల్లెకూ తిరిగి సంఘాలను దర్శించడం ఆయన ముఖ్య కార్యక్రమం. ఆనాటి పల్లె గుళ్లు చాలావరకు మట్టిగోడల పాకలే. పగలు అదే బడి, ఆదివారం అదే గుడి. సంఘస్థులలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల కూలీలు. ఊరి బావి వద్దకే రానివ్వని వారికి అక్షరాలు నేర్పించారు. వారిలో నుండే ఉపాధ్యాయులను, గురువులను తయారు చేశారు. అపరిశుభ్రత, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు శత్రువులతో పోరాడమని ప్రతి ఊరిలోనూ బోధించారు. గుడిలోకి వచ్చాక కులాలవారీగా విడిపోరాదన్నది ఆయన గట్టి పట్టు. ఈ మాట అందరికీ రుచించలేదు. అయినా ఆయన వెనుకకు తగ్గలేదు.

పేదవాడు కూడా ఇచ్చేవాడే కావాలని ఆయన నమ్మకం. గుడి ఖర్చుకు పైనుండి వచ్చే సొమ్ము కోసం చూడక, పండిన దానిలో కొంత, వండే బియ్యంలో పిడికెడు తీసిపెట్టడం సంఘస్థులకు అలవాటు చేశారు. పంట కోతల తర్వాత కృతజ్ఞతా పండుగలు జరిపించారు.

ఆయన బిషప్ అయిన 26 ఏళ్లకు గాని కెథడ్రల్ ప్రతిష్ఠ జరగలేదు. 1939 జనవరి 6న ఆ శుభకార్యం జరిగింది. పరాయి దేశపు గుడిలా కాక, ఈ నేల కట్టడంలా ఉండాలని ఆయన కోరుకున్నారు.

వేర్వేరు క్రైస్తవ సంఘాలు ఒకటి కావాలని 1919 నుండి ఆయన కృషి చేశారు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది గాని, అది చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. ఆయన సమాధి కూడా అక్కడే ఉంది. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ గుడిని చూడవచ్చేవారు, చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న గుళ్లను కూడా చూసి వెళ్లడం మంచిది. అజరయ్య బండి ఎక్కువగా ఆగింది వాటి ముందే.