మేఘం ఎందుకు కిందపడదు?

ఈ ప్రశ్నకు జవాబు చూపినవాడు ఒక సంఘకాపరి కుమారుడు. జార్జ్ గాబ్రియేల్ స్టోక్స్ 1819లో ఐర్లండ్‌లోని స్క్రీన్ అనే పల్లెలో పుట్టాడు. 1849లో, ఒకప్పుడు న్యూటన్ అలంకరించిన కేంబ్రిడ్జ్ ఆచార్య పీఠం ఆయనకు దక్కింది. 1903లో కన్నుమూసేవరకు అందులోనే సేవచేశాడు.

ఊగే లోలకాన్ని గాలి ఎంత అడ్డుకుంటుందో లెక్కకడుతూ, 1850లో ఆయన ఒక సూత్రం చెప్పాడు. ద్రవంలో నిదానంగా కదిలే చిన్న గుండుకు ఎదురయ్యే అడ్డు దాని పరిమాణాన్ని, వేగాన్ని, ద్రవపు చిక్కదనాన్ని బట్టి ఉంటుంది. గుండు చిన్నదయ్యేకొద్దీ అడ్డుకంటే బరువు ఎంతో త్వరగా తగ్గిపోతుంది. అందుకే మేఘంలోని సన్నని నీటి బిందువులు దిగీ దిగనట్టు తేలుతుంటాయి.

1905లో ఐన్‌స్టీన్ ఈ సూత్రం ఆధారంగానే నీటిలో రేణువుల అల్లాటను వివరించాడు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. నేడు అంతటి సూక్ష్మస్థాయిలో ద్రవాల చిక్కదనాన్ని రేణువుల కదలికను బట్టి కొలుస్తున్నారంటే, దానికి పునాది ఇదే.

స్టోక్స్ ఇద్దరు పసి కుమార్తెలను పోగొట్టుకున్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. ఆ దుఃఖంలోను, ఈ ఘనతలోను విశ్వాసాన్ని విడువలేదు. సైన్సు చదివితే బిడ్డ దేవునికి దూరమవుతాడని భయపడే తల్లిదండ్రులు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. వారు ఈ కాపరి కుమారుణ్ణి తలచుకుందురు గాక.