కుమారి రీగో జీవిత చరిత్రము

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు ఇండ్లలో పాలగిన్నె మీదను, మంచినీళ్ళ చెంబు మీదను కప్పుటకు దారముతో అల్లిన గుండ్రని గుడ్డను చూడనివారు మనలో అరుదు. అంచున పూసలు గ్రుచ్చుటచే అది గాలికి ఎగిరిపోదు. కొంచెము లావు నూలుతో అల్లినచో వేడిగిన్నెల క్రింద పఱచుటకును, కడిగిన పింగాణీ పాత్రలను తుడుచుటకును అక్కఱకు వచ్చును. అది మగ్గము మీద నేసినది కాదు. ఒక్క కొక్కెపు సూదితో ఒక్క దారమును ఉచ్చులుగా లాగి అల్లినది. దీనిని క్రోషే పని యందురు. మన యాడవారు లేసు అల్లిక యని పిలుచుదురు. ఈ విద్య ఎవరి చేతుల మీదుగా, ఎట్టి కష్టకాలమున లోకములో వ్యాపించెనో మన బాలికలు తెలిసికొనుట మంచిదని తలచి, ఇందు మిక్కిలి పేరు గాంచిన ఎలియొనార్ రీగో డి లా బ్రాంషార్డియేర్ అను స్త్రీ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

కుమారి రీగో 1828 ప్రాంతమున ఇంగ్లండునందు జన్మించెను. తండ్రి ఫ్రెంచి దేశపు కులీన వంశమునకు చెందినవాడు. తల్లి ఐర్లండు దేశీయురాలు. ఆ కాలమున కలిగిన యిండ్ల ఆడపిల్లలకు సూదిపని నేర్పుట వాడుక. అయితే ఆ నేర్పు తల్లి చేతినుండి కూతురి చేతికి కంటిచూపుతోనే సాగుచుండెను. ఒక పువ్వును అల్లుట తెలిసిన ముసలమ్మ కన్ను మూసినచో ఆ పువ్వు కూడ ఆమెతోనే పోవుచుండెను. మన అవ్వలు వేసిన ముగ్గుల సంగతియు నిట్టిదే గదా!

ఇట్టి చేతినేర్పును అక్షరములలో నిలుపవచ్చునని గ్రహించిన కొలదిమందిలో కుమారి రీగో యొకతె. 1846లో, ఇంచుమించు 18 ఏండ్ల ప్రాయమున, ఊలు అల్లిక, క్రోషే, వలపని అను మూడింటిని గూర్చి ఆమె ఒక పుస్తకమును లండనులో ప్రకటించెను. పిదప నలువది సంవత్సరములలో ఆమె ప్రకటించిన పుస్తకములు 70కి మించినవి.

అల్లికను వ్రాతలో పెట్టుట ఎంత కష్టమో ఒక్క గుండ్రని గుడ్డను తలచుకొన్నచో తెలియును. మొదట నాలుగైదు గొలుసు కుట్లు వేసి, కొనను మొదటికి కలిపి చిన్న వలయము చేయవలెను. ఆ వలయములో 6 పొట్టి కుట్లు వేసినచో, రెండవ వరుసలో 12, మూడవ వరుసలో 18, నాలుగవ వరుసలో 24, ఇట్లు వరుసకు ఆఱు చొప్పున హెచ్చింపవలెను. హెచ్చించుట తక్కువైనచో గుడ్డ చిప్పవలె గుంటపడును. ఎక్కువైనచో అంచు కుచ్చెళ్ళవలె ముడతలు పడును. పొడుగు కుట్లతో అల్లునపుడు 12తో మొదలిడి వరుసకు 12 చొప్పున హెచ్చింపవలెను. లెక్కలకు భయపడు బాలిక కూడ ఈ యెక్కమును వ్రేళ్ళతో నేర్చుకొనును. ఇట్టి లెక్కలను వరుస వరుసగా వ్రాసి, ప్రక్కన బొమ్మలు చేర్చి అచ్చొత్తించుటయే కుమారి రీగో చేసిన గొప్ప పని. పుస్తకము చేతనున్న స్త్రీ, దగ్గర కూర్చుండి చూపువారు లేకున్నను, తానెన్నడును చూడని పువ్వును అల్లగలిగెను.

ఆమె తొలి పుస్తకము వెలువడిన దినములలోనే తల్లిగారి దేశమున ఘోరమైన కఱవు సాగుచుండెను. 1845లో ఐర్లండునందు బంగాళాదుంప పైరునకు తెగులు తగిలెను. అచటి బీదలకు ఆ దుంపయే అన్నము. ఏటికేడు పైరు కుళ్ళిపోగా సుమారు పది లక్షల మంది ఆకలిచేతను, రోగములచేతను మరణించిరి. మఱి పది లక్షల మంది ఓడలెక్కి దేశాంతరములకు వెడలిపోయిరి. పొలము లేక, కూలి దొరకక అలమటించు కుటుంబములకు ఇంటి స్త్రీల చేతులే దిక్కయ్యెను. కార్కు పట్టణము దగ్గర ఉర్సులైను సన్యాసినులు బీద బాలికలకు క్రోషే నేర్పిరి. క్లోన్సు అను ఊరిలో అచటి దేవాలయపు గురువుగారి భార్యయైన కసాండ్రా హ్యాండు గారు 1847లో ఇదే పనిని ఆరంభించిరి.

అంతకు పూర్వము ధనవంతులు మెచ్చినది వెనీసు నగరపు సూదిలేసు. అది మిక్కిలి సొగసైనది గాని, చిన్న ముక్కకే నెలల కాలము పట్టును. కొక్కెపు సూదితో ఆ పని వేగముగా సాగును. కుమారి రీగో పాత లేసుల పోకడలను పరిశీలించి, వానిని పోలిన నమూనాలను కొక్కెపు సూదికి అనువుగా కల్పించి ప్రకటించెను. గులాబీలను, ఆకులను, ద్రాక్షగుత్తులను వేర్వేరుగ అల్లి, పిమ్మట సన్నని వలవంటి అల్లికతో వానిని కలుపుట ఐర్లండు క్రోషే పద్ధతి. ఒక యింటివారు గులాబీ నల్లుదురు; వేఱొక యింటివారు ఆకు నల్లుదురు; చేయి తిరిగినవారు అన్నిటిని కూర్చుదురు. దీనికి వలసిన పనిముట్లు ఒక సూదియు, ఒక దారపు ఉండయు మాత్రమే. ఇట్లు కఱవునాటి పల్లెలలో అల్లిన లేసు నగరముల అంగళ్ళకు చేరి, పలు కుటుంబములకు కూడు పెట్టెను.

1851లో లండనునందు స్ఫటిక సౌధమున జరిగిన మహాప్రదర్శనములో కుమారి రీగో పనితనమునకు పతకము లభించెను. 1852 మొదలు 1854 వఱకు ఆమె సూది అను పేరుగల పత్రికను నడపెను. చిన్న కండెతో ముళ్ళు వేసి అల్లు టాటింగు అను లేసుపనిని కూడ ఆమె చక్కదిద్దెను. స్త్రీలు వ్యాపారమున దిగుట అరుదైన ఆ దినములలో ఆమె తన నమూనాలను తానే కల్పించి, తన పేరుతో అచ్చొత్తించి, తన పనితో జీవించెను. ఇది మన బాలికలు మఱువరాని విషయము.

అయితే చరిత్రము వ్రాయువారు గుణములతోపాటు లోపమును కూడ చెప్పవలెను. తాను పుస్తకము వ్రాయుటకు ముందు క్రోషే విద్యయే లేదన్నట్లు ఆమె చెప్పుకొనెను. అది సరికాదు. 1823లోనే హాలండు దేశపు పెనెలొపె అను పత్రికలో క్రోషే నమూనాలు అచ్చయినవి. కఱవు దినములలో దీపము వెలుతురున కన్నులు నొప్పి పెట్టగా అల్లిన వేలకొలది స్త్రీల పేర్లు ఏ పుస్తకమునందును కానరావు. నమూనా వ్రాసినవారి పేరు నిలిచెను. అల్లినవారి పేరు నిలువలేదు. కుమారి రీగో కీర్తిని మేము తగ్గింపము. కాని ఆ కీర్తిలో పేరులేని చేతులకును పాలు కలదని మా యభిప్రాయము.

ఆమె కడవఱకు పని మానలేదు. 1886లో ఐర్లండు లేసును నేర్పు పుస్తకమొకటి ప్రకటించి, మఱుసటి యేడు 1887లో పరలోకగతురాలయ్యెను.

ఈ కథ మనకు దూరపుది కాదు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కఱవున కర్నూలు మండలము పడిన బాధను మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనిరి. ఆకలి వచ్చినపుడు చేతిపని ఏపాటి ఆధారమో తెలిసిన సీమ మనది. మన తెలుగు దేశముననే గోదావరి తీరమున నర్సాపురము ప్రాంతమున 19వ శతాబ్దమునందు మిషనరీ దొరసానులు ఈ అల్లికను బీద స్త్రీలకు నేర్పిరి. అక్కడను పువ్వులు వేఱుగ అల్లుదురు. వానిని కలుపుటను అతుకుపని యందురు. ఆ లేసు సముద్రములు దాటి పోయి అమ్ముడయ్యెను. అయినను, మరియా మీస్ అను జర్మను పండితురాలు ఆ స్త్రీల బ్రతుకును పరిశీలించి 1982లో ప్రకటించిన గ్రంథములో, వ్యాపారులు లాభపడగా అల్లినవారికి మిక్కిలి కొంచెము కూలి ముట్టుచుండెననియు, వారిని పనివారుగా గాక తీరికవేళ అల్లుకొను గృహిణులుగా ఎంచుచుండిరనియు చూపెను. 2024లో నర్సాపురపు లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. ఊరి పేరు నిలిచినది; చేతులకు తగిన కూలి కూడ నిలువవలెను.

కావున బాలికలారా, మీ యవ్వ అల్లిన గుండ్రని గుడ్డను ఈసారి సెలవులలో చేతికి తీసికొని, నడిమి వలయమునుండి అంచు వఱకు కుట్లను లెక్కించి, ఒక కాగితముపై వ్రాయుడు. ఆ కాగితము మీద అవ్వ పేరును కూడ వ్రాయుడు. కుమారి రీగోనుండి మనము నేర్వవలసినది మొదటిది. ఆమె మఱచినది రెండవది. తలిదండ్రులారా, పిల్ల సూదితో కూర్చుండిన వేళను ఊరక పోయిన కాలముగా ఎంచకుడు. మన నల్లరేగడి నేలలలో పండిన ప్రత్తి దారమై ఆమె వ్రేళ్ళలో తిరుగునపుడు, అది పనియే. పనికి వెల కలదు.