సందేహం తీర్చుకోవడానికి నడిచి వచ్చిన విద్యార్థి – హుయాన్‌త్సాంగ్

చరిత్ర పాఠంలో హర్షవర్ధనుడితో పాటు హుయాన్‌త్సాంగ్ పేరు కూడా చదువుతాం. ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా గుర్తుపెట్టుకుని వదిలేస్తాం. నిజానికి ఆయన కూడా మనలాగే ఇంటికి దూరంగా ఉండి చదువుకున్నవాడు.

హుయాన్‌త్సాంగ్ క్రీ.శ. 602 ప్రాంతంలో చైనాలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. బౌద్ధ భిక్షువైన అన్న తనతో పాటు విహారానికి తీసుకువెళ్లాడు. అక్కడ చదువుతున్నకొద్దీ సందేహాలు పెరిగాయి.

అందుకు కారణం ఉంది. బుద్ధుని మహాపరినిర్వాణం తర్వాత సుమారు నూరేళ్లకు భిక్షుసంఘం స్థవిరవాదులు, మహాసాంఘికులు అని చీలింది. తర్వాతి కాలంలో మహాయానం వచ్చింది. అందులో నాగార్జునుని మాధ్యమికం, అసంగ వసుబంధుల యోగాచారం అనే రెండు తాత్విక శాఖలు ఏర్పడ్డాయి. చైనాకు చేరిన అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఒక్కో గురువు ఒక్కో అర్థం చెప్పేవాడు. మూలగ్రంథాలనే చదవాలని ఆయన నిశ్చయించుకున్నాడు.

అప్పట్లో దేశం దాటడానికి అనుమతి లేదు. అయినా క్రీ.శ. 629 ప్రాంతంలో రహస్యంగా బయలుదేరాడు. గోబీ ఎడారిలో నీళ్ల తిత్తి చేయి జారి ఒలికిపోయింది. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు చుక్క నీరు లేక పడిపోయాడు. చివరకు ఆయన గుర్రమే నీటి చెలమను కనిపెట్టింది.

నలందలో వృద్ధుడైన శీలభద్రుని వద్ద యోగాచారం నేర్చుకున్నాడు. తర్వాత దక్షిణాదికి వచ్చాడు. మన కృష్ణా తీరంలోని ధాన్యకటకంలో, అంటే అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలు ఉన్నాడు. అప్పటికే అక్కడ చాలా విహారాలు పాడుబడ్డాయి. నలందలో అంత చదివినవాడు ఇక్కడ ఇద్దరు మహాసాంఘిక భిక్షువుల ముందు మళ్లీ విద్యార్థిగా కూర్చుని వారి అభిధర్మం నేర్చుకున్నాడు. వారికి తాను మహాయాన శాస్త్రాలు చెప్పాడు. వేరు శాఖవారని ఎవరూ ఎవరినీ కాదనలేదు.

తిరుగు ప్రయాణంలో సింధు నదిలో పడవ ఊగిపోయి 50 గ్రంథాల ప్రతులు నీటిపాలయ్యాయి. ఆయన నిరాశపడలేదు. అక్కడే ఆగి, పోయినవాటికి మళ్లీ నకళ్లు తెప్పించుకోవడానికి మనుషులను పంపాడు.

క్రీ.శ. 645లో 657 గ్రంథాలతో రాజధాని చాంగాన్ చేరాడు. చక్రవర్తి ఇస్తానన్న పదవిని వద్దన్నాడు. క్రీ.శ. 664లో మరణించేవరకు అనువాదం చేస్తూనే ఉండి, సుమారు 75 గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చాడు. భారతదేశంలో మూలాలు నశించిన కొన్ని గ్రంథాలు ఆ అనువాదాల వల్లనే నేటికీ మిగిలాయి.

మిత్రులారా! తరగతిలో అర్థం కానిది అడగడానికి మనం సిగ్గుపడతాం. నలుగురూ నవ్వుతారేమోనని నోరు మూసుకుంటాం. ఒక్క సందేహం తీర్చుకోవడానికి ఎడారులు, మంచుకొండలు దాటినవాడిని తలచుకుంటే, చివరి బెంచీ నుంచి లేచి నిలబడి అడగడం మనకు పెద్ద దూరం కాదు.